మంచు కింద నీళ్ళున్నాయని చెప్పిన మా అత్తమ్మ

మా అత్తమ్మ పోయారు. అక్టోబరు మొదటివారంలో, ఒక గురువారం పొద్దున, అమెరికాలో, వాషింగ్టన్ రాష్ట్రంలోని బాతెల్‌లో మా ఇంటి ముందుగదిలో, కిటికీ పక్కన వేసిన ఆస్పత్రి మంచం మీద. నేను పక్కనే ఉన్నాను. మా అమ్మాయి మేఘన స్కూల్ బస్సెక్కి ఎంతోసేపు కాలేదు. ఊపిరితిత్తులు మెల్లమెల్లగా గట్టిపడిపోయే జబ్బు ఆవిడది. ఈ రోజు వస్తుందని డాక్టర్లు రెండేళ్ళ పైనుంచీ చెబుతూనే ఉన్నారు. ముందే తెలిస్తే తట్టుకోవడం తేలికని ఎవరైనా అంటే నమ్మకండి.

నాది వరంగల్, ఆవిడది అనకాపల్లి. పెళ్ళయిన కొత్తలో నేను అలవాటుగా 'అత్తమ్మా' అని పిలిస్తే, "ఇదేటి, అత్తయ్యా అనాలి గానీ" అని నవ్వారు. నెల తిరక్కుండా ఆ పిలుపే బాగుందని, మార్చొద్దని చెప్పారు. అందుకే ఇక్కడా అలాగే రాస్తున్నాను.

ఇది చదివేవాళ్ళలో కొందరు ఆవిడను చూసే ఉంటారు. కొన్నేళ్ళ కిందట జూలై శనివారాల్లో రెయినియర్ కొండ మీద, పూల మైదానాలు దాటి పైకి వెళ్ళే కాలిబాటలో మీరు నడిచి ఉంటే, ఒక వాగు పక్కన రాయి మీద కూర్చున్న పెద్దావిడ ఎదురై ఉంటారు. సల్వార్ కమీజు, దాని మీద ఊదారంగు ఫ్లీస్ జాకెట్, తలకు ఉన్ని టోపీ, మెడలో విజిల్. మీరు అక్కడి మంచు మీద కాలు పెట్టబోతుంటే లేచి నిలబడి, "నో, నో. వాటర్ అండర్. ప్లీజ్, గో అరౌండ్" అని చెయ్యి అడ్డం పెట్టి ఉంటారు. ఆవిడే మా అత్తమ్మ. ఎవరీవిడ, ఇక్కడెందుకు కూర్చుందని మీకు ఎప్పుడైనా అనిపించి ఉంటే, అది చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ఆవిడ ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్ టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. మామయ్య అంతకుముందే పోయారు. ఆవిడకు గ్రీన్ కార్డు వచ్చాక మా ఆయన కిరణ్ ఆవిడను ఇక్కడికి తీసుకొచ్చాడు. మొదటి నెలల్లో ఆవిడకు ఈ ఊరు అర్థం కాలేదు. పాలకైనా కూరలకైనా కార్‌లోనే వెళ్ళాలా అని ఆశ్చర్యపోయేవారు. పొద్దున్నే లేచి మా ఇళ్ళ ముందున్న గుండ్రటి రోడ్డు చుట్టూ చేతులు ఊపుకుంటూ తిరుగుతుంటే, ఎదురింటాయన బయటికొచ్చి ఏమైనా పోగొట్టుకున్నారా, వెతికిపెట్టనా అని అడిగాడట. ఆ సంగతి చెప్పి ఆవిడ చాలా నవ్వారు. నవ్వాక, "నిజమే, ఏదో పోగొట్టుకున్నట్టే ఉంది" అన్నారు. కిరణ్ ఆ మాట విన్నాడు. ఆ వారాంతమే మమ్మల్నందరినీ కొండకు తీసుకెళ్ళాడు.

అది ఆగస్టు. పైకి వెళ్ళే దారిలో రోడ్డు పక్కనే ఒక జలపాతం ఉంది. దాని పేరు నారద. ఎప్పుడో ఎవరో తెల్లవాళ్ళు మన నారదుడి పేరే పెట్టారని అంటారు. కిరణ్ బోర్డు చదివి వినిపిస్తే ఆవిడ నమ్మలేదు. దగ్గరికి వెళ్ళి అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివారు.

"ఈయన ఇక్కడికీ వచ్చాడేట్రా?"

"ముల్లోకాలు తిరిగేవాడికి వాషింగ్టన్ ఒక లెక్కా అమ్మా" అన్నాడు కిరణ్.

ఆవిడ మెట్లు దిగి, తుంపర మొహాన కొట్టేచోట చాలాసేపు నిలబడ్డారు. పైన మైదానాల్లో నీలం కంకులు, ఎర్రటి కుంచెల్లాంటి పూలు, వాటి మధ్య బద్ధకంగా పడుకున్న పెద్ద పెద్ద ఉడతల్లాంటి మార్మట్లు. అన్నిటి వెనకా ఆకాశాన్ని సగం ఆక్రమించిన తెల్లటి కొండ. మేఘన అప్పుడు చాలా చిన్నది. మార్మట్‌ను చూసి, "నానమ్మా, అది కుక్కనా?" అని అడిగింది. ఆవిడ కొండనే చూస్తున్నారు. ఇంటికొస్తుంటే కార్‌లో మాత్రం, ఈ దేశం వచ్చాక మొదటిసారి కాళ్ళకి పని దొరికిందని అన్నారు.

ఆ తర్వాత ఆవిడను ఆపడం ఎవరి తరమూ కాలేదు. తెలుగువాళ్ళు తలో వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లలో పరిచయమైన ఆడవాళ్ళను ఒక్కొక్కరినే పట్టుకున్నారు. పదేళ్ళు, పదిహేనేళ్ళుగా ఇక్కడున్నా కొండను ఆఫీస్ కిటికీలోంచి తప్ప చూడనివాళ్ళు వాళ్ళలో సగం మంది. వాళ్ళందరినీ శనివారం పొద్దున్న పార్కింగ్ లాట్‌లో వరుసగా నిలబెట్టి, నడుములు వంచి, చేతులు తిప్పించి, అందరి బూట్ల లేసులూ తనే వంగి చూసి, వదులుగా ఉంటే ముడి విప్పి మళ్ళీ కట్టేవారు. అప్పుడే నడక. కొండ నీడ పడే సరస్సుల చుట్టూ, వెయ్యేళ్ళ దేవదారు చెట్ల కింద, హిమానీనదం కనిపించే గట్ల మీద. మధ్యలో ఎక్కడో కూర్చుని పులిహోర, పల్లీపట్టీ, ఫ్లాస్కులో అల్లం టీ.

ఆవిడ నడకకు ఒకటే నియమం. అందరికన్నా మెల్లగా నడిచేవాళ్ళే ముందుండాలి. "వెనకబడేవాళ్ళని ముందు పెట్టండి, అప్పుడెవరూ వెనకబడరు" అనేవారు. గుంపులో ఒక్కరికి చేతకాకపోయినా అందరూ వెనక్కి తిరగాల్సిందే. శిఖరం ఇంకెంతో లేదని ఎవరైనా బతిమాలినా వినేవారు కాదు.

ఆ గుంపులో సుజాత అని ఒకావిడ ఉంది. మందుల కంపెనీలో పని. ఒక వసంతంలో లేఆఫ్ అయింది. వీసాకు ఇచ్చే రెండు నెలల గ్రేస్ పీరియడ్ లోపల ఇంకో జాబ్ దొరక్కపోతే పిల్లలతో సహా ఈ దేశం వదిలి వెళ్ళిపోవాలి. ఆ శనివారం నడకకు వచ్చింది గానీ దారి పొడుగునా ఏడుస్తూనే ఉంది. మిగతావాళ్ళు ఓదార్చబోతే అత్తమ్మ వద్దని సైగ చేసి, సుజాతను అందరికన్నా ముందు నడవమన్నారు. ఆ రోజు గుంపంతా ఆమె ఎంత మెల్లగా నడిస్తే అంత మెల్లగా నడిచింది. కూర్చున్నచోట ఆమెకు టీ పోసిస్తూ, "కొండ మీద ఏడవడం మంచిదమ్మా, చూసినోళ్ళు చెమటనుకుంటారు" అన్నారు. సుజాతకు తర్వాత ఉద్యోగం దొరికింది. మా ఇంట్లో చివరిరోజు వరకూ వచ్చి పనులందుకున్నది ఆమే.

ఇంక ఆ జూలై గురించి చెప్పాలి. తక్కువ మాటల్లోనే చెబుతాను.

మేఘనకు అప్పుడు ఎనిమిదేళ్ళు. సెలవు రోజు. మేం నలుగురమే వెళ్ళాం. ఆ ఏడాది మంచు ఆలస్యంగా కరుగుతోంది. పూలు ఇంకా రాలేదు. కాలిబాటలో చాలాచోట్ల మంచు మీదుగానే నడవాలి. ఒకచోట బాటకు అడ్డంగా ఒక వాగు ఉంది. ఉందని మాకు తెలియదు. దాని మీదా మంచే. చుట్టుపక్కల మంచు ఎలా ఉందో అదీ అలాగే ఉంది, తెల్లగా, గట్టిగా, దాని మీద అప్పటికే చాలామంది నడిచిన అడుగులతో. మాకన్నా ముందు ఒక కుటుంబం దాటి వెళ్ళింది. కిరణ్ మాకు కొంచెం ముందున్నాడు. అవతలి నుంచి వయసైన దంపతులిద్దరు చేతికర్రలతో దిగి వస్తున్నారు. వాళ్ళకు దారి ఇవ్వడానికి తను అడుగుల జాడ నుంచి పక్కకు జరిగాడు. అంతే. మంచు కుంగింది. పెద్ద చప్పుడు కూడా కాలేదు. మనిషి పట్టేంత కంత, దాని అడుగున నీళ్ళ హోరు. తను లేడు.

నేను పరిగెత్తాను. వెనక నుంచి ఎవరో నా బ్యాగు పట్టుకుని లాగితే వెల్లకిలా పడ్డాను. అత్తమ్మ. నన్ను మంచు మీద అదిమి పట్టుకుని, మేఘన వైపు చూసి, "కూర్చో. అక్కడే కూర్చో, కదలకు" అన్నారు. స్కూల్లో పిల్లలకు చెప్పే గొంతుతో. మేఘన కూర్చుంది. తర్వాత ఆవిడ విజిల్ నోట్లో పెట్టుకున్నారు. మూడు ఊదులు, ఒక విరామం. మళ్ళీ మూడు. సాయం కావాలని కొండల మీద అలా ఊదుతారు. ఆ దంపతులు ఫోన్ పట్టుకుని సిగ్నల్ కోసం వచ్చిన దారినే పైకి వెళ్ళారు. జనం పోగయ్యారు. రేంజర్లు తాళ్ళతో వచ్చారు. అప్పటికీ ఆవిడ ఊదుతూనే ఉన్నారు. చివరికి ఒక రేంజరమ్మాయి వచ్చి ఆవిడ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, చెయ్యి పట్టుకుని, విన్నాం, వచ్చేశాం, ఇక చాలని చెప్పింది. విజిల్ తీస్తే కింది పెదవి చిట్లి రక్తం వస్తోంది.

సాయంత్రం, చాలా దిగువన, వాగు మంచులోంచి బయటికొచ్చే చోట కిరణ్ దొరికాడు.

కొడుకు పడిన కంత వైపు పరిగెత్తాల్సిన మనిషి కోడలి బ్యాగు పట్టుకుని ఎలా ఆగగలిగారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఒకసారి అడిగాను. "మేఘనకి ఒకరైనా ఉండాలి కదా" అన్నారు. ఆ క్షణంలోనే అంత ఆలోచించారా, తర్వాత ఆ మాట కట్టుకున్నారా అని నేను మళ్ళీ అడగలేదు.

కర్మలన్నీ అయ్యాక, విశాఖపట్నం నుంచి వచ్చిన మా వదిన, అంటే ఆవిడ పెద్దమ్మాయి, తనతో వచ్చేయమంది. వచ్చిన బంధువులూ అదే అన్నారు. కొడుకే లేనప్పుడు కోడలి ఇంట్లో, అదీ అమెరికాలో, ఏం చేస్తారన్నారు. నేనూ ఆవిడ వెళ్ళిపోతారనే అనుకున్నాను. మా ఇద్దరినీ కలిపిన మనిషి పోయాక మాకు మిగిలిన చుట్టరికం ఏమిటో నాకే తెలియలేదు. ఆవిడ అందరి మాటలూ విని, వాళ్ళంతా పక్కగదిలోకి వెళ్ళాక నాతో అన్నారు.

"నాను వెళ్ళిపోతే నీకాడ వాడి గురించి మాట్లాడేవాళ్ళెవరు? అక్కడికెళ్తే నాకాడ మాట్లాడేవాళ్ళెవరు?"

ఎప్పుడూ పద్ధతిగా మాట్లాడే టీచరు నోట సొంత ఊరి యాస అంత చిక్కగా రావడం నేను ఆ రోజే విన్నాను. ఆవిడ ఉండిపోయారు.

మరుసటి వేసవిలో కొండకు వెళ్తానన్నారు. నేను విన్నది నిజమేనా అనుకున్నాను. ఇంట్లో ఆ కొండ పేరు ఎత్తడం కూడా మానేసి ఏడాదయింది. ఎండ కాసిన రోజుల్లో అది దక్షిణాన కనబడుతుందని ఆఫీస్‌కి వేరే రోడ్డు మీదుగా డ్రైవ్ చేస్తున్నదాన్ని. మేఘననూ తీసుకెళ్తానని అడిగేసరికి గొంతు పెంచాను.

"అది కొండకి భయపడి బతకకూడదమ్మా" అన్నారు.

"భయపడితేనే బతుకుతది, అత్తమ్మా" అన్నాను.

మేఘనను తీసుకెళ్తానని ఆవిడ మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. సుజాత కార్‌లో తనే వెళ్ళారు. జూలై అంతా ప్రతి శనివారం. పొద్దున్న టిఫిన్ డబ్బా కట్టుకుని వెళ్ళి, పొద్దుగూకేసరికి వచ్చేవారు. అక్కడేం చేస్తున్నారని నేను అడగలేదు. సుజాత ఒకరోజు తనంతట తనే చెప్పింది. గుంపు పైకి నడుస్తుందట, ఆవిడ మాత్రం వాగు దగ్గర ఆగిపోతారట. వచ్చేపోయేవాళ్ళకు మంచు కింద నీళ్ళున్నాయని చెబుతారట.

మూడో వేసవిలో నేను వెళ్ళాను. వెళ్ళాలని కాదు. ఆవిడకు అప్పటికే మెట్లెక్కితే ఆయాసం వస్తోంది, అంత ఎత్తులో ఒక్కరే కూర్చుంటున్నారని సుజాత భయపడింది. నేను వాగు దగ్గరకు వచ్చేసరికి ఆవిడ రాయి మీద ఉన్నారు. రేంజర్లు అక్కడ వెదురు కర్రలు పాతి, తాడు కట్టి, ప్రమాదమని బోర్డు పెట్టారు. పై నుంచి చుట్టూ తిరిగి వెళ్ళేందుకు వేరే బాట గుర్తులు పెట్టారు. అయినా ఆ కాస్త చుట్టు తిరగడానికి బద్ధకించి తాడు దాటేవాళ్ళున్నారు. వాళ్ళకోసం ఆవిడ.

నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చారు. నేను కూర్చున్నాను గానీ మంచు వైపు చూడలేకపోయాను. ఒక తండ్రి బిడ్డను వీపు మీద మోస్తూ వచ్చాడు. ఆవిడ లేచి తన నాలుగు ఇంగ్లిష్ ముక్కలూ చెప్పారు. అతను థాంక్స్ చెప్పి పైబాట పట్టాడు. ఆ రోజు విజిల్ విని దిగివచ్చిన రేంజరమ్మాయే ఇప్పుడు అటు వెళ్తూ ఆగి, ఆవిడ ఇచ్చిన పల్లీపట్టీ తీసుకుని, ఈ వారం మంచు ఇంకా పలచబడిందని చెప్పి వెళ్ళింది. కొంతసేపటికి ఒక కుర్రాడు వచ్చాడు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు. ఆవిడ చెబుతుంటే నవ్వుతూ చెయ్యి ఊపి, తాడు దాటి, ఆ మంచు మీదే నడిచాడు. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి అవతలి ఒడ్డున ఉన్నాడు. వెనక్కి తిరిగి బొటనవేలు పైకెత్తి చూపించి వెళ్ళిపోయాడు.

ఆవిడ మళ్ళీ కూర్చున్నారు. ఊపిరి అందడానికి కొంచెం సమయం పట్టింది.

"ఏటీ అవ్వలేదు, చూశావా. అందరికీ ఏటీ అవ్వదు."

"మీరిట్ల ఎన్నేళ్ళు కూర్చుంటరు అత్తమ్మా?" అన్నాను.

"నాను ఆపినోళ్ళలో ఎవరు పడుందురో నాకు తెలీదమ్మా" అన్నారు. "ఎప్పటికీ తెలీదు. ఎవరూ పడకపోదురేమో కూడా."

ఇది నేను ఆవిడ గొప్పతనం కోసం చెప్పడం లేదు. ఆ కూర్చోవడం వల్ల ఆవిడకు మనశ్శాంతి వచ్చిందని కూడా చెప్పలేను. రాలేదు. సాయంత్రం కిందికి దిగేటప్పుడు ఆవిడ మొహం పొద్దున్న ఎక్కేటప్పుడు ఉన్నట్టే ఉంది. మంచంతా కరిగి వాగు బయటపడే ఆగస్టు దాకా వెళ్ళేవారు. నీళ్ళు కంటికి కనబడితే ఎవరూ అందులో కాలు పెట్టరని, ఇక తన పని లేదని మానేసేవారు. మళ్ళీ వచ్చే జూలై దాకా ఇంట్లో కూర, చారు, మేఘన జడ.

ఆ శీతాకాలంలోనే దగ్గు ముదిరింది. స్కానులు, పరీక్షలు. మందుతో కొంచెం ఆలస్యం చేయగలం గానీ ఆపలేమని డాక్టరు చెప్పాడు. నేను తెలుగులోకి మార్చి చెబుతుంటే నాకే మాటలు సరిగా రాలేదు. ఆవిడకు అర్థమైంది. అడిగింది ఒక్కటే, కొండ ఎక్కొచ్చా అని. ఎత్తుకు వెళ్తే గాలి పలచబడుతుంది, వద్దన్నాడు. ముందు నడిచేటప్పుడు, ఆ తర్వాత కూర్చున్నప్పుడు, చివరికి పడుకున్నప్పుడు కూడా ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చింది. ముందుగది మూలలో మెషీన్, దానికి ఇల్లంతా తిరిగేంత పొడవైన గొట్టం. వంటింటి గడప మీదుగా, మెట్ల కింద నుంచి, ఆవిడ ఎటు వెళ్తే అటు ఆకుపచ్చగా పాకుతూ వెళ్ళేది. ఎవరం దాన్ని తొక్కినా ఆవిడకు ఊపిరి ఆగుతుందేమోనని నేనూ మేఘనా దాన్ని దాటుకుంటూ నడిచేవాళ్ళం.

పూర్వం స్కూల్ గ్రౌండ్ అంతటికీ వినబడిన గొంతు, ఒక వాక్యం పూర్తి చేయడానికి మధ్యలో రెండుసార్లు ఆగాల్సి వచ్చేది. మేఘన పక్కన కూర్చుని, "నానమ్మా, నీకు బ్రీత్ చేస్తే హర్ట్ అవుతుందా?" అని అడిగేది. "లేదే, బరువుగా ఉంటాది, అంతే" అనేవారు.

ఈ ఆగస్టులో ఒకసారి కొండ చూడాలన్నారు. నడవను, కార్ దిగను, చూసి వచ్చేద్దాం అన్నారు. డాక్టరు ఆలోచించి, చిన్న మెషీన్‌తో, మరీ ఎత్తుకు పోకుండా అయితే సరేనన్నాడు. ఆ వారమంతా ఆకాశం శుభ్రంగా ఉంది. మేఘన తనూ వస్తానంది. వద్దనే బలం నాకు లేకపోయింది. పద్నాలుగేళ్ళది, నానమ్మను ముందుసీట్లో కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, గొట్టం సరిచేసి తను వెనక కూర్చుంది.

మేం బయల్దేరిన పొద్దుననే గాలి మారింది. తూర్పున ఎక్కడో అడవులు తగలబడుతున్న పొగ ఇటు తిరిగింది. పార్కు గేటు దాటేసరికి చెట్ల మధ్య గోధుమరంగు పొగ. కిటికీలు బిగించి, ఏసీ లోపలి గాలి మీద పెట్టినా వాసన వస్తోంది. కొండ ఉండాల్సినచోట ఏమీ లేదు. అక్కడ ఒక కొండ ఉందని తెలియనివాళ్ళకు చెబితే నమ్మరు. మేఘన ఆవిడ వేలికి పెట్టిన ఆక్సిజన్ క్లిప్పు చూసి, "అమ్మా, నంబర్ తగ్గుతుంది" అంది. రోడ్డు ఎత్తెక్కడం మొదలుపెట్టగానే మళ్ళీ అదే చెప్పింది.

"కనీసం నారద దాక పోదాం" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. ఆ జలపాతమైనా చూపించి తీసుకెళ్ళాలని.

ఆవిడ తల అడ్డంగా ఊపారు. "తిప్పేయమ్మా. ఒకరికి చేతకాకపోతే అందరూ తిరగాల" అన్నారు. ఆ ఒక్క మాటకు ఆవిడ ఎంతసేపు తీసుకున్నారో చెప్పలేను.

తిప్పేశాను. కింద రోడ్డు పక్కనే నది వస్తుంది. హిమానీనదం అరగదీసిన రాతిపిండితో సిమెంటు నీళ్ళలా బూడిదరంగులో ఉంటుంది. ఆవిడ ఆపమన్నారు. కిటికీలోంచే చూసి, ఈ నీళ్ళు పై నుంచి వచ్చినవేనా అని అడిగారు. ఆ కొండ నీళ్ళన్నీ ఏదో ఒక దారిన ఇలాగే దిగుతాయని చెప్పాను. అప్పుడు అన్నారు, తను పోయాక బూడిద ఈ పరిసరాల్లో ఎక్కడా కలపొద్దని. "ఆ నీళ్ళు నాకొద్దు" అన్నారు. వెనకసీట్లో మేఘన కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

సెప్టెంబరులో, చివరి రోజుల్లో ఇంటికొచ్చి చూసుకునే హాస్పిస్ వాళ్ళు మంచం తెచ్చి వేశారు. ఆ రోజుల్లో ఆవిడకు కావాల్సింది ఒక్కటే, నేను కిరణ్ గురించి ఏదో ఒకటి చెబుతూ ఉండటం. మేం మొదట కలిసిన కాఫీషాపు, తనకు చపాతీ గుండ్రంగా చేయడం రాకపోవడం, ఫోన్‌లో నవ్వితే గురక పెట్టినట్టుండటం. ఆవిడ ఓపిక ఉన్నప్పుడు తన వంతు చెప్పేవారు. కిరణ్ ఆరో తరగతిలో స్కూల్ గోడ దూకి చెయ్యి విరగ్గొట్టుకుని, అమ్మ డ్రిల్ టీచరు కాబట్టి ఎవరికీ చెప్పకుండా రోజంతా దాచిపెట్టడం. నేను అది ఏడో తరగతి అంటే ఆవిడ ఆరు అని దిద్దేవారు. చెప్పినవే మళ్ళీ చెప్పుకున్నాం. కొత్తవి అయిపోయాయి. కొత్తవి ఇక పుట్టవు కదా.

ఆ గురువారం పొద్దున మేఘన వెళ్తూ నానమ్మ నుదుటి మీద ముద్దుపెట్టి, "సాయంత్రం కలుద్దాం, నానమ్మా" అంది. ఆవిడ కనురెప్పలు కదిలాయి. తర్వాత ఊపిరికీ ఊపిరికీ మధ్య ఖాళీ పెరుగుతూ పోయింది. నేను చెయ్యి పట్టుకుని తర్వాతి ఊపిరి కోసం ఎదురుచూశాను. చాలాసేపు ఎదురుచూశాక ఇక రాదని తెలిసింది. మెషీన్ మాత్రం పనిచేస్తూనే ఉంది.

వదిన వచ్చి, కర్మలు జరిపించి, బూడిద భీమిలి సముద్రంలో కలపడానికి తీసుకెళ్ళింది. వచ్చినవాళ్ళందరూ ఆవిడ నిండు జీవితం గడిపారన్నారు. నాకు ఆ మాట గుచ్చుకుంది. ఆవిడ నిండుగా నవ్వింది ఈ దేశంలో మూడు నాలుగేళ్ళే. తర్వాత ఆరేళ్ళూ ఒక మంచు ముక్కను కాపలా కాసినట్టు బతికారు, దాని దగ్గరకు వెళ్ళలేని రోజుల్లో కూడా.

సుజాత మొన్న అడిగింది, వచ్చే జూలైలో గుంపులో ఆడవాళ్ళం వంతులవారీగా ఆ వాగు దగ్గర కూర్చుందామా అని. నేను వెళ్ళను. వెళ్ళగలిగే మనిషిని కాను. మంచు ఈ శీతాకాలమూ పడుతుంది, వసంతంలో లోపలి నుంచి కరుగుతుంది, పైకి గట్టిగానే కనబడుతుంది. ఎవరో ఒకరు దాని మీద నడుస్తారు. ఏమీ కాకపోవచ్చు. ఆవిడ అన్నట్టు అందరికీ ఏమీ కాదు.

కిరణ్ గురించి ఇప్పుడు నేను ఏం చెప్పినా కాదని దిద్దేవాళ్ళు లేరు. ఆరో తరగతి అన్నా, ఏడో తరగతి అన్నా అదే నిజమైపోతుంది. ఇంత బెంగ ఉంటుందని నేను ఊహించలేదు. ఒక మనిషి రెండోసారి పోవడం అంటే ఇదేనేమో.

కంపెనీ వాళ్ళు వచ్చి ఆక్సిజన్ మెషీన్, గొట్టం, మంచం అన్నీ తీసుకుపోయారు. ముందుగది కార్పెట్ మీద మంచం కాళ్ళ గుంటలు నాలుగు మిగిలాయి. మెషీన్ రొద లేక ఇల్లు వింతగా ఉంది. ఇవాళ పొద్దున నేను వంటింట్లో లంచ్ డబ్బా సర్దుతున్నాను. మేఘన ఫోన్ చూసుకుంటూ ముందుగదిలోంచి వచ్చింది. గడప దగ్గరకు రాగానే, తల ఎత్తకుండానే, అక్కడ ఏమీ లేనిచోట కాలు పైకెత్తి, జాగ్రత్తగా అవతల పెట్టి దాటింది.